తుమ్మితే మూత్రం పడుతోంది... ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 28. మామూలు కాన్పయి నాలుగు నెలలైంది. బాబు 3.6 కిలోలతో పుట్టాడు. దగ్గినా, తుమ్మినా, నీళ్ల బకెట్ ఎత్తినా మూత్రం పడిపోతోంది. 'బాలింతలకు మామూలేనే, నడికట్టు బిగించి కట్టుకో, నీళ్లు తగ్గించు' అంటోంది అమ్మ. కింది కండరాలు బిగించి వదిలే కెగెల్ వ్యాయామాలు నెల నుంచి చేస్తున్నా గుణం లేదు. ఆపరేషన్ చేయించుకోవాలా?
- ఓ సోదరి, తెనాలి

జవాబు: ఇప్పుడే ఆపరేషన్ మాటెందుకు? మూత్రాశయాన్ని, గర్భసంచిని కింది నుంచి మోసే కండరాలు కాన్పులో సాగిపోయాయి. అవి బిగువు తేలడానికి నెల చాలదు, కనీసం మూడు నెలలు చూడాలి. అయితే మా అనుమానమల్లా, మీరు బిగిస్తున్నది అసలు ఆ కండరాలనేనా అని. చాలామంది ఊపిరి బిగబట్టి పొట్ట, తొడలు, పిరుదులు బిగిస్తారు. కొందరు తెలియకుండానే కిందికి ముక్కుతారు. దాంతో మేలు మాట అటుంచి, కీడే ఎక్కువ.

మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని చిన్న అద్దం పెట్టి చూసుకోండి. గ్యాస్ పోకుండా ఆపుకున్నట్టు మలద్వారం బిగించి, ఆ బిగువును ముందుకు, మూత్రద్వారం దాకా తీసుకురండి. యోనికీ మలద్వారానికీ మధ్య చోటు లోపలికి, పైకి కదలాలి. బయటికి ఉబ్బిందంటే ముక్కుతున్నట్టే.

5 సెకన్లు బిగించండి, 5 సెకన్లు పూర్తిగా వదలండి. ఇలా 10 సార్లు. ఆ తర్వాత టకటకా బిగించి వదిలేవి మరో 10. రోజూ మూడు పూటలా చేయాలి. మెల్లగా 10 సెకన్లకు పెంచుతూ కూర్చుని, ఆపైన నిలబడి చేయండి. మూత్రం పడేది నిలబడ్డప్పుడే కదా. మూత్రానికి వెళ్లినప్పుడు మధ్యలో ఆపి సాధన చేయొద్దు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు.

తుమ్ము వస్తోందనగానే ముందు బిగించి, ఆ తర్వాత తుమ్మండి. బకెట్ ఎత్తేటప్పుడు బిగించి, ఊపిరి వదులుతూ ఎత్తండి. కండరాలు బలపడకముందే ఈ కిటుకు పనిచేస్తుంది.

నడికట్టు బిగిస్తే పొట్ట మీది ఒత్తిడంతా కిందికే దిగుతుంది. అమ్మగారికి నచ్చజెప్పండి. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మాటిమాటికీ వెళ్లాలనిపిస్తుంది, పైగా మలబద్ధకం. పథ్యం పేరుతో కూరలు, పండ్లు మానేసినా అంతే: విరేచనానికి ముక్కిన ప్రతిసారీ ఈ కండరాలే నలుగుతాయి. కాఫీ, టీలు తగ్గించండి. ఎందుకైనా మంచిదని గంటకోసారి బాత్రూమ్‌కు పరుగెత్తొద్దు. నెలసరి ప్యాడ్లు మూత్రాన్ని సరిగా పీల్చుకోవు, చర్మం ఒరుసుకుపోతుంది. మూత్రం కోసమే చేసిన ప్యాడ్లు మందుల షాపుల్లో అడగండి.

మూత్రం ఆగకుండా కారుతున్నా, మంట, జ్వరం ఉన్నా, యోనిలో ఏదో జారినట్టున్నా, మలం ఆపుకోలేకపోతున్నా వెంటనే గైనకాలజిస్టుకు చూపించుకోండి. ఇవేవీ లేకుండా, మూడు నెలలు సరిగ్గా చేసినా తగ్గకపోతే ఈ కండరాల (పెల్విక్ ఫ్లోర్) మీద శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టును కలవండి. ఆపరేషన్ ఆ తర్వాతి మాట. ఇంకో బిడ్డను కనాలనుకుంటే, మామూలుగా ఆ కాన్పు అయ్యేదాకా దాన్ని వాయిదా వేస్తారు.