మీ నాన్న గురించి రాసే ముందు

చిరంజీవి అమ్మడికి,

ఆశీస్సులు. మీ నాన్న సంవత్సరికానికి నాలుగు పేజీల చిన్న పుస్తకం వేయిస్తానని, ఎలా రాయాలో చెప్పమని అడిగావు. ఒడిశాలోని ఈ పర్లాకిమిడిలో 30 ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణని అడిగి ఉంటావు. నేను ఎదురింటివాడిగా చెబుతాను. వడ్రంగం షెడ్డులో మీ నాన్న చిత్రిక పట్టే చప్పుడు వినకుండా నాకు తెల్లారిన రోజులు తక్కువ.

అప్పుడే కాగితం తీయకు. ముందు అమ్మ దగ్గర కూర్చో. సంవత్సరికం హడావుడి మొదలైతే ఆవిడ ఇక నోరు విప్పదు. "నాన్న ఎలాంటివాడు?" అంటే "దేవుడమ్మా" అనేసి కళ్ళు తుడుచుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో ఏం వండితే ఇష్టంగా తినేవాడు, ఏ ఇంటి గుమ్మాల డబ్బుతో నీకు దిద్దులు కొన్నాడు, ఏ రోజు కోపంతో అన్నం మానేశాడు, ఇలా అడుగు. మా అన్నయ్య పోయినప్పుడు నేను రాశాను: ప్రేమమూర్తి, త్యాగశీలి, ఆదర్శ గృహస్థుడు. ఇవాళ ఆ కాగితం తీసి చూస్తే అందులో మా అన్నయ్య లేడు. ఆ మాటల పక్కన ఎవరి ఫొటో పెట్టినా సరిపోతుంది. వదిన కూడా వెళ్ళిపోయింది. అడగడానికి ఇక ఎవరూ లేరు.

తరవాత షెడ్డులో మేకుకి వేలాడే లెక్కల పుస్తకం తియ్యి. అందులో ఒడియా మాటలు తెలుగు అక్షరాల్లో ఉంటాయి: దువార రెండు, ఝరకా నాలుగు, అంటే తలుపులు రెండు, కిటికీలు నాలుగు. ఒడియావాళ్ళతో ఒడియాలో బేరం మాట్లాడుకుని, తెలుగులో రాసుకునేవాడు. ఒక పేజీ ఫొటో తీసి ఉన్నదున్నట్టు అచ్చు వేయించు. తప్పులు దిద్దకు. రావలసిన బాకీలూ అందులోనే కనబడతాయి. సంవత్సరికం అయ్యేదాకా ఎవర్నీ అడగొద్దు. మీ నాన్న ఇవ్వవలసినవి ఉంటే మాత్రం, కలప డిపోకైనా మేకుల కొట్టుకైనా, పిలుపులకి బయల్దేరే ముందే తీర్చెయ్.

పని చేయించుకున్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళు. ఏ సంవత్సరం అంటే ఎవరికీ గుర్తుండదు. 1992లో మనది వేరే జిల్లా అయింది కదా, దానికి ముందా? 2004లో గుణుపురం చిన్న రైలు ఆగిపోయాకా? తిత్లీ తుఫానుకి ముందా? ఇలా అడిగితే టక్కున చెబుతారు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి వెళ్ళాక మన వీధిలో ఊడిపోయిన తలుపులన్నీ మీ నాన్నే నిలబెట్టాడు. మేకుల ఖరీదు తప్ప పైసా తీసుకోలేదు. ఇది నేను చూసింది. నేను చూడనివి మహేంద్రతనయ అవతలి ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో! విశాఖ కంట్రాక్టరు ఒకాయన ఎక్కువ కూలి ఇస్తానన్నా వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదయ్యా అంటే, "పిల్లల్ని బడికి ఎవరు దింపుతారు మాస్టారూ" అన్నాడు. ఆ మాట తప్పకుండా రాయి.

గ్రాంథికం జోలికి పోకు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మనది. మీ నాన్న నిన్ను "అమ్మీ" అని పిలిచేవాడు. పుస్తకంలోనూ అమ్మీ అనే ఉండాలి. మీ పిల్లలు ఒడియా బడిలో చదువుతున్నారు, తెలుగు కూడబలుక్కుంటారు, వాళ్ళ కోసం ఒక పేజీ ఒడియాలో వేయించు. అయితే ముందు తెలుగులోనే రాసుకో. ఒడియాలో మొదలుపెడితే ఆయన మాటలు జారిపోతాయి.

ఉలులూ రంపాలూ అద్దాల బీరువాలో పెట్టకు. ఒక్క ఉలి ఉంచుకుని మిగతావి ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి ఇచ్చెయ్. ఇచ్చేలోపు తుప్పు పట్టకుండా నూనె రాస్తూ ఉండు.

ఆయన పొరపాటూ రాయాలి. మా వీధి తలుపు చేసిన ఏడాది శ్రావణంలో వానలకి చెక్క ఉబ్బి, తలుపు ద్వారబంధంలో బిగుసుకుపోయింది. కబురు పెట్టిన గంటకే తడుస్తూ వచ్చాడు. వేళ్ళతో అంచు తడిమి చూసి, "తప్పు నాదే మాస్టారూ, వానకి చెక్క ఉబ్బుతుందని సందు వదలకుండా బిగించాను" అన్నాడు. తలుపు ఊడదీసి అరుగు మీద అడ్డంగా పెట్టి, చీకటి పడేదాకా చిత్రిక పట్టాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఆ రోజు నువ్వూ వెంట వచ్చావు, ఐదేళ్ళుంటాయేమో. చుట్టలు చుట్టలుగా రాలుతున్న పొట్టు ఏరి రెండు చేతులకీ గాజుల్లా వేసుకున్నావు. మీ నాన్న పని ఆపి, ఇంకొంచెం సన్నగా, ఇంకొంచెం పొడవుగా నీ కోసమే నాలుగు చుట్టలు తీసి ఇచ్చాడు.

ఆ తలుపు ఇప్పటికీ వానాకాలంలో తేలిగ్గా పడుతుంది. ఆదివారం అమ్మని కూడా తీసుకుని రా. టేపు తెచ్చుకో, దాని కొలతలు రాసుకుందువుగాని.

మీ మాస్టారు