నవ్వు ఎవరి మీద పడుతోంది?

ప్రియమైన చెల్లికి,

కులం మీద, రంగు మీద, యాస మీద స్కిట్లు రాయొచ్చా, రాస్తే ఎవరూ నొచ్చుకోకుండా ఎలా రాయాలి అని అడిగావు. రాయొచ్చు. రాయాలి కూడా. ఎవరూ నొచ్చుకోకూడదన్న షరతు మాత్రం పెట్టుకోకు, ఒక్క పేజీ ముందుకు సాగదు. ఎవరు నొచ్చుకోవాలో ముందు నువ్వే తేల్చుకోవాలి. తేల్చుకున్నాక ఆ సంగతి నీ లోపలే ఉండిపోతే లాభం లేదు. స్కిట్టు కట్టిన తీరులోనే కనబడాలి. చూసేవాళ్లకు నీ ఉద్దేశం తెలియదు, తెర మీద జరిగేదే తెలుస్తుంది.

ఇది నేర్చుకోవడానికి నాకు తెలిసిన మంచి బడి అమెరికా టీవీలో వచ్చిన 'షాపెల్స్ షో'. కామెడీ సెంట్రల్ చానల్లో 2003 జనవరిలో మొదలైంది. నల్లజాతి కమెడియన్ డేవ్ షాపెల్, అతని తెల్లజాతి మిత్రుడు నీల్ బ్రెన్నన్ కలిసి రూపొందించారు. స్కెచ్‌లన్నీ ముందే సినిమాలా తీసి పెట్టుకునేవారు. తర్వాత షాపెల్ హాల్లో జనం ముందు నిలబడి, దాని గురించి నాలుగు మాటలు చెప్పి, తెర మీద వేయించేవాడు. టీవీలో మనకు వినపడేది ఆ హాల్లోని నవ్వు. అంటే రాసినవాడు తన రాతకు జనం ఎక్కడ, ఎలా నవ్వుతున్నారో ఎదురుగా నిలబడి వినేవాడు. రచయితకు ఇంతకంటే కఠినమైన పరీక్ష నాకు తెలియదు.

మొదటి ఎపిసోడ్‌లోనే క్లేటన్ బిగ్స్‌బీ అనే పాత్ర వచ్చింది. టీవీ డాక్యుమెంటరీ ఫక్కీలో నడుస్తుంది. నల్లవాళ్లను ద్వేషిస్తూ పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్న ఒక పెద్దమనిషిని వెతుక్కుంటూ విలేఖరి అతని ఇంటికి వెళతాడు. తీరా చూస్తే ఆ మనిషి పుట్టుకతో చూపు లేనివాడు, పైగా నల్లవాడు. అంధ బాలల బడిలో నల్లపిల్లవాడు తనొక్కడే కావడంతో, గొడవెందుకని అక్కడివాళ్లు నువ్వూ తెల్లవాడివేనని చెప్పి పెంచేశారు. బతుకంతా తన జాతినే తిడుతూ వచ్చాడు, తిడుతున్నది తననేనని తెలియక. నల్లవాళ్ల మీద హింసకు దిగిన తెల్లవాళ్ల ముఠా కు క్లక్స్ క్లాన్ ముసుగు వేసుకుని సభలకు వెళతాడు కాబట్టి అభిమానులకూ తెలియదు.

ఇంతవరకూ ఒక ఊహ. ఊహ దగ్గరే ఆగిపోయి ఉంటే రెండు నిమిషాల జోకు అయ్యేది. వీళ్లు దాన్ని నడిపించిన తీరు చూడు. దారిలో పక్క కారులో హిప్‌హాప్ పాటలు హోరెత్తించుకుంటున్న కుర్రాళ్లను నల్లవాళ్లనుకుని బిగ్స్‌బీ పరమ నీచమైన మాటతో తిడతాడు. ఆ కుర్రాళ్లు తెల్లవాళ్లు. మమ్మల్నే అలా పిలిచాడని మురిసిపోతారు! నల్లవాళ్ల పాట కావాలి, నల్లవాళ్ల నడక కావాలి, నల్లవాళ్ల బతుకు మాత్రం అక్కర్లేదు అనే ఒక తరం మొత్తాన్ని కొన్ని సెకన్లలో పట్టేశారు. ఆ తర్వాత సభలో ముసుగు తీస్తాడు. చూసినవాళ్లలో ఒకడి తల అక్కడికక్కడే పేలిపోతుంది. ఇక చివరిది: తను నల్లవాడినేనని బిగ్స్‌బీ ఒప్పుకుంటాడు, ఒప్పుకుని పంతొమ్మిదేళ్లు కాపురం చేసిన భార్యకు విడాకులిస్తాడు. కారణం, ఆమె ఒక నల్లవాణ్ణి ప్రేమించింది.

మనలో చాలామందిమి అక్కడ అతనికి బుద్ధి వచ్చినట్టు రాస్తాం. కన్నీళ్లు పెట్టిస్తాం. అలా రాస్తే ద్వేషం అంటే ఏదో సమాచార లోపమనీ, నిజం తెలియగానే పోతుందనీ చెప్పినట్టవుతుంది. ద్వేషానికి నిజం అడ్డు కాదు, నిజాన్ని కూడా తనలో కలిపేసుకుంటుంది అని ఈ స్కెచ్ చెబుతుంది. ఉపన్యాసం ఒక్క ముక్క లేదు. అంతా పాత్ర చేసిన పనిలోనే ఉంది.

ఇందులోంచి నేనొక పరీక్ష తీసుకున్నాను. రాసినదాంట్లోంచి ఒక్కొక్కటి తీసేసి చూడు, దేన్ని తీస్తే నవ్వు చచ్చిపోతుందో. బిగ్స్‌బీలోంచి ద్వేషాన్ని తీసెయ్. మిగిలేది అరుగు మీద కూర్చున్న చూపులేని ముసలాయన. నవ్వడానికేమీ లేదు. కాబట్టి నవ్వుతున్నది ద్వేషాన్ని చూసే.

నువ్వు పంపిన 'వాచ్‌మన్' స్కిట్టుకు ఇదే పరీక్ష పెట్టాను. ఆ వాచ్‌మన్ మాటల్లోంచి శ్రీకాకుళం యాస తీసేస్తే ఏం మిగిలింది? ఏమీ మిగల్లేదు. అపార్ట్‌మెంట్ వాళ్ల అహంకారాన్ని ఎండగట్టాలన్నది నీ ఉద్దేశమని నాకు తెలుసు, ఉత్తరంలో రాశావు కూడా. కానీ పంచ్‌లన్నీ అతని నోటి మీదే పడుతున్నాయి. మన సినిమాలు దశాబ్దాలపాటు తెలంగాణ యాసను రౌడీల నోట, ఉత్తరాంధ్ర యాసను పనివాళ్ల నోట పెట్టి నవ్వించాయి. ఆ అలవాటు నీకు తెలియకుండానే నీ కలంలోకి వచ్చేసింది. తప్పు నీ ఒక్కదానిది కాదు, కానీ సరిచేసుకోవాల్సింది నువ్వే.

ఇలా చేసి చూడు. అసోసియేషన్ ప్రెసిడెంటుదే శ్రీకాకుళం అనుకో. ఇరవై ఏళ్లుగా యాస దాచుకుని బతుకుతున్నాడు, ఇంట్లో పిల్లలకు కూడా తెలియదు. పనివాళ్లు వేరే లిఫ్టు వాడాలని బోర్డు పెట్టించింది ఆయనే. ఒకరోజు ఆయన తల్లి ఊరి నుంచి మూటతో దిగుతుంది. గేటు దగ్గర వాచ్‌మన్, ఆవిడ ఊళ్ల పేర్లు, బంధుత్వాలు కలుపుకుంటూ హాయిగా కబుర్లలో పడతారు. ప్రెసిడెంటు కమిటీ వాళ్లతో అటుగా వస్తున్నాడు. ఇప్పుడు చెమటలు పట్టేది ఎవరికి? యాస ఎక్కడికీ పోలేదు, పైగా ఇప్పుడు రెండు నోళ్లలో వినపడుతోంది. ఈసారి దానికి చిన్నతనం లేదు.

ఇలా తిరగేయడంలో మన భారతీయ సంతతి వాళ్లే ఆరితేరిన సందర్భం ఒకటుంది. బీబీసీలో 1998లో టీవీకి వచ్చిన 'గుడ్‌నెస్ గ్రేషియస్ మీ'. సంజీవ్ భాస్కర్, మీరా సయాల్, కుల్విందర్ ఘీర్, నీనా వాడియా నటించారు. ఇంగ్లండులో రాత్రి తాగి ఇండియన్ రెస్టారెంటుకు వెళ్లి, వెయిటర్‌ను ఆటపట్టించి, అన్నిటికంటే కారమైనది తెమ్మని బడాయి పోవడం కుర్రాళ్లకు ఒక సరదా. దీన్ని బొంబాయికి తెచ్చారు. తాగిన ఇండియన్ల గుంపు ఇంగ్లీషు రెస్టారెంటుకు వెళ్లి, తెల్ల వెయిటర్ పేరు ఖూనీ చేస్తూ, మెనూలో అన్నిటికంటే చప్పటిది ఏదో అది తెమ్మంటారు. కోపం ఎక్కడా కనబడదు, కానీ ఎప్పుడో ఒకసారి అలా ప్రవర్తించిన ప్రతివాడికీ తన ముఖమే కనబడుతుంది.

షాపెల్ దగ్గరికే వస్తాను, ఎందుకంటే అసలు చెప్పాల్సింది అతని గెలుపు గురించి కాదు. ముందు రెండో సీజన్లో 2004లో వచ్చిన ఒక స్కెచ్ చెబుతాను. యాభైల కాలపు నలుపు తెలుపు కుటుంబ సీరియల్ ఫక్కీ. ఒక ముచ్చటైన తెల్ల కుటుంబం, వాళ్ల ఇంటిపేరు అచ్చం నల్లవాళ్లను తిట్టే మాటలా పలుకుతుంది. షాపెల్ వాళ్ల ఇంటికి పాలుపోసే నల్లమనిషి. ఆ మాటను తెల్లవాళ్ల ముఖం మీదే, ఇంటిపేరుగా, పగలబడి నవ్వుతూ పదే పదే పిలుస్తాడు. చివర్లో అలా నవ్వుతూ నవ్వుతూనే ఈ వివక్ష నన్ను లోపల చంపేస్తోందని అనేస్తాడు. గొంతు మారదు, నవ్వు ఆగదు. ఇలాంటి వాక్యం ఒక్కటి రాయగలిగితే చాలు, చెల్లీ.

అదే సీజన్లో ఫంక్ సంగీత గాయకుడు రిక్ జేమ్స్ మీద స్కెచ్ వచ్చింది. నటుడు చార్లీ మర్ఫీ తన అనుభవాలు చెబుతుంటే షాపెల్ రిక్ జేమ్స్ వేషం కట్టాడు. అందులోని ఒక ఊతపదం దేశమంతా పాకింది. ఎంతగా అంటే, షాపెల్ స్టాండప్ చేస్తుంటే మాట సాగనివ్వకుండా జనం అదే అరిచేవారు. 2004లో శాక్రమెంటోలో విసిగిపోయి కాసేపు స్టేజి దిగి వెళ్లిపోయాడు కూడా. ఊతపదం రాసేముందు ఇది గుర్తుంచుకో. అది స్కెచ్‌ను వదిలేసి ఒంటరిగా వీధుల్లో తిరుగుతుంది, దాని వెనక నువ్వు పెట్టిన అర్థం దాంతో వెళ్లదు.

ఆ తర్వాత మరో రెండు సీజన్లకు దాదాపు 5 కోట్ల డాలర్ల ఒప్పందమని వార్తలొచ్చాయి. మూడో సీజన్ కోసం తీసిన ఒక స్కెచ్‌లో అతను విమాన ప్రయాణికుడు. చేప కావాలా, కోడి కావాలా అని అడుగుతారు. నల్లవాళ్లంటే వేయించిన కోడి అనే పాత ఎగతాళి ఒకటి అక్కడ ఉంది. అతని మనసులోని భయానికి రూపంగా ఒక బుల్లి మనిషి ప్రత్యక్షమై, కోడే తిను అంటూ గంతులేస్తాడు. ఆ బుల్లి మనిషి ముఖానికి నల్లరంగు పూసుకున్న పాతకాలపు నాటకాల వేషంలో ఉంటాడు. 19వ శతాబ్దంలో తెల్ల నటులు కాల్చిన బిరడా మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించిన వేషం అది. వాటిలో ఒకటైన 'జిమ్ క్రో' పేరే తర్వాత నల్లవాళ్లను వేరుచేసి ఉంచిన చట్టాలకు వచ్చింది. అంత గాయం ఉన్న వేషం. షూటింగులో ఒక తెల్లమనిషి దాన్ని చూసి నవ్వాడు, ఆ నవ్వు తనకు వేరేగా వినపడిందని షాపెల్ తర్వాత చెప్పాడు. 2005లో షూటింగ్ మధ్యలో వదిలేసి దక్షిణాఫ్రికా వెళ్లిపోయాడు. కారణం ఆ నవ్వు ఒక్కటే కాదు, కానీ అదీ ఒక కారణం.

స్కెచ్‌లో తర్కం ఉంది. ఆ వేషం లోపలి భయానికి రూపం, సరే. కానీ నేను చెప్పిన పరీక్ష పెట్టు. భయం తీసేసినా ఆ గంతులు, ఆ వేషం మిగులుతాయి, వాటిని చూసి నవ్వేవాళ్లు నవ్వుతూనే ఉంటారు. 2006లో చానల్ ఆ మిగిలిన స్కెచ్‌లను షాపెల్ లేకుండానే ప్రసారం చేసింది. ఈ బుల్లి మనిషి స్కెచ్ వెనకాల మాత్రం హాల్లో జనంతో చర్చ కూడా పెట్టింది. వివరణ తగిలించాల్సి వచ్చిందంటే కట్టడంలోనే ఎక్కడో వదులు ఉందన్నమాట. అంత డబ్బును వదిలి వెళ్లిన ఆ మనిషిని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. తర్వాతి కాలంలో ట్రాన్స్‌జెండర్ల మీద అతను వేసిన జోకుల విషయంలో మాత్రం కాదు. 2021లో ఆ జోకులను ప్రసారం చేసిన నెట్‌ఫ్లిక్స్ ఉద్యోగులే నిరసనకు దిగారు. ఒకప్పుడు తన చెవికి అందిన నవ్వే ఇప్పుడు అవతలివాళ్ల వైపు నుంచి అతనికి అందడం లేదని నా నమ్మకం.

అవతలివాళ్ల చెవి సంపాదించుకోవడం గురించే ఇక చెప్పాల్సింది. న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన మన తెలుగువాడు హరి కొండబోలు 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' అనే డాక్యుమెంటరీ చేశాడు. 'ది సింప్సన్స్' కార్టూన్‌లో కొట్టు నడిపే భారతీయుడు అపూకు గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు. ఆ యాసతో తమను బడిలో ఎలా ఏడిపించారో దక్షిణాసియా పిల్లలు పెద్దవాళ్లయ్యాక అందులో చెప్పారు. 2020లో అజారియా ఆ గొంతు ఇవ్వడం మానేశాడు. అపూ పాత్ర మొదట రాసుకున్నప్పుడే మనవాడొకడు ఆ రచయితల గదిలో ఉండి ఉంటే ఏమయ్యేదని నేను చాలాసార్లు అనుకున్నాను.

షాపెల్ రచయితల గదిలో పాల్ మూనీ ఉండేవాడు. పేరుమోసిన నల్లజాతి కమెడియన్ రిచర్డ్ ప్రయర్‌కు ఏళ్ల తరబడి రాసిన మనిషి, నల్లవాళ్ల నవ్వులో ఏది పదునో ఏది మొద్దో తెలిసినవాడు. నీకూ అలాంటివాళ్లు కావాలి. నువ్వు రాసే కులంలో, ప్రాంతంలో పుట్టి, నీతో నిర్భయంగా పోట్లాడగల వాళ్లు. రాతప్రతి పూర్తయ్యాక చూపించి ఆమోదం అడగడం కాదు, మొదటి రోజే పక్కన కూర్చోబెట్టుకో. వాళ్ల పేరు తెర మీద నీ పేరు పక్కనే వెయ్యి, డబ్బులోనూ వాటా ఇవ్వు. నీ వాటా సంగతి కూడా చూసుకో. తన షో ఎక్కడెక్కడో ప్రసారమవుతున్నా తనకు డబ్బు రావడం లేదని షాపెల్ 2020లో బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. అతను కోరితే నెట్‌ఫ్లిక్స్ దాన్ని తీసేసింది, లెక్క తేలాకే 2021లో తిరిగి పెట్టారు. కాబట్టి నీ స్కిట్ల కోసం చానల్ వాళ్లు నీకు పంపిన ఒప్పందం కాగితం మీద ఇప్పుడే సంతకం చేయకు. హక్కుల పేజీ నాకు ఫోటో తీసి పంపు, తెలిసిన లాయరు ఉన్నారు, చూపిస్తాను.

ప్రేమతో,
నీ అక్క