క్రియాటినిన్ పెరిగిందని టెనోఫోవిర్ ఆపేయాలా?

మీ నాన్నగారు హెపటైటిస్ బికి నాలుగేళ్లుగా టెనోఫోవిర్ అనే యాంటీవైరల్ మాత్ర వాడుతున్నారని, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో 1.0 నుంచి 1.6కి పెరిగిందని, మాత్ర ఆపేయాలా అని అడిగారు. మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే వైరస్ మళ్లీ విజృంభించి, లివర్ దెబ్బతిని ప్రాణం మీదకు రావచ్చు.

ముందు స్ట్రిప్ తిప్పి చూడండి. 300 ఎంజీ అని ఉంటే అది టెనోఫోవిర్‌లో డైసోప్రాక్సిల్ అనే రకం. కొందరిలో ఇది కిడ్నీలోని సన్నని గొట్టాలను దెబ్బతీస్తుంది, ఫాస్ఫరస్ మూత్రంలో పోతుంది. అలాంటప్పుడు డాక్టర్లు టెనోఫోవిర్‌లోనే ఇంకో రకమైన 25 ఎంజీ అలాఫెనమైడ్‌కో, ఎంటెకావిర్ అనే వేరే హెపటైటిస్ బి మందుకో మారుస్తారు. ఎంటెకావిర్ డోసు కిడ్నీ పనితీరును బట్టి తగ్గించాలి. నాన్నగారు గతంలో లామివుడిన్ అనే హెపటైటిస్ బి మందు వాడి ఉంటే ఆ మాట తప్పక చెప్పండి, ఎందుకంటే అప్పుడు ఎంటెకావిర్ సరిగా పనిచేయకపోవచ్చు.

అయితే తప్పు మందుదే అని ఇప్పుడే అనుకోకండి. ఈ వైరస్ వల్లే కిడ్నీ వడపోత పొర దెబ్బతిని ప్రొటీన్ పోయే జబ్బు కూడా ఉంది. మూత్రంలో నురగ, పొద్దున్నే కళ్ల కింద వాపు ఉన్నాయేమో గమనించండి. అదే అయితే యాంటీవైరల్ మందే అసలు వైద్యం.

ఇంకో మాట. మా బావగారి క్రియాటినిన్ పెరిగినప్పుడు అందరం టెనోఫోవిర్‌నే అనుమానించాం. తీరా చూస్తే చొక్కా జేబులో మోకాళ్ల నొప్పికి కొనుక్కున్న, కిడ్నీలను దెబ్బతీయగల డైక్లోఫెనాక్ నొప్పి మాత్రల షీటు, సగం ఖాళీ. నాన్నగారు అలాంటి నొప్పి మాత్రలు వాడుతున్నారేమో అడగండి, బీపీ, షుగర్ కూడా చూపించండి. యూరిన్ ప్రొటీన్, ఫాస్ఫరస్, హెచ్‌బీవీ డీఎన్‌ఏ (రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఎంత ఉందో చెప్పే పరీక్ష) రిపోర్టులతో ఈ వారంలోనే లివర్ డాక్టర్‌నీ, కిడ్నీ డాక్టర్‌నీ కలవండి.