బుట్టల లెక్క చదివారు, స్థలం లెక్క ఎవరు చదువుతారు?

ప్రశ్న: మేము 1996లో అమెరికా వచ్చాం. అప్పటి నుంచీ ఒహాయోలో, కొలంబస్ దగ్గరే ఉంటున్నాం. నా వయసు 59. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు. ఈ వేసవిలో పెద్ద ఇల్లు అమ్మేసి చిన్న ఇంటికి మారుతున్నాం. బేస్‌మెంట్‌లో నేను కొన్న లాంగాబర్గర్ బుట్టలు (ఆ పేరున్న ఇక్కడి కంపెనీ చేత్తో అల్లించి అమ్మినవి) 43 ఉన్నాయి. వచ్చిన కొత్తలో నాకు ఉద్యోగం చేసే వీలు లేదు, ఇంగ్లీషు మాట్లాడాలంటే భయం. ఎదురింటావిడ మొదటిసారి పిలిచింది ఇంట్లో ఈ బుట్టలు అమ్మే పార్టీకే. మొదట్లో ఇంటి ఖర్చులో మిగిల్చి కొన్నాను. స్కూలు క్యాంటీన్‌లో ఉద్యోగం వచ్చాక నా జీతంతో కొన్నాను. కొన్ని బహుమతిగా వచ్చాయని మావారితో అబద్ధం కూడా చెప్పాను. ఇప్పుడు ఎవరూ పది, పదిహేను డాలర్లకు మించి అడగడం లేదు. అమ్మాయికి ఇద్దామంటే ‘పెట్టుకునే చోటు లేదమ్మా’ అంటోంది. మొన్న మా మరిది, తోటికోడలు వచ్చినప్పుడు మావారు వీటి ఖరీదంతా కాగితం మీద లెక్కవేసి అందరి ముందూ చదివారు. అందరూ నవ్వారు. మరిది మాట మీద 2007లో గుంటూరు దగ్గర మావారు కొన్న స్థలం ఇప్పటికీ కోర్టులోనే ఉంది, అది వేరే సంగతి. ఈ బుట్టలు అమ్మాలా, ఎవరికైనా ఇచ్చేయాలా, అమ్మాయికి ఎలాగైనా నచ్చజెప్పాలా?
– ఒక సోదరి, ఒహాయో

జవాబు: అది వేరే సంగతి కాదమ్మా. ఉత్తరమంతా చదివాక నాకు మిగిలిన సంగతి అదొక్కటే.

ముందు బుట్టల విషయం తేల్చేస్తాను. ధర పెరుగుతుందని ఎదురుచూడకండి. 1990లలో వాటిని కొన్నవాళ్లంతా ఇప్పుడు మీ వయసువాళ్లో, మీకంటే పెద్దవాళ్లో. అందరూ ఇంచుమించు ఒకేసారి ఇళ్లు ఖాళీ చేస్తున్నారు. ఒక్కొక్కటీ ఫొటో తీసి, బేరమాడి, పెట్టెలో సర్ది పంపాలంటే వచ్చేదానిలో సగం పార్సిల్ ఖర్చుకే పోతుంది. మనసుకు నచ్చినవి ఐదారు ఉంచుకోండి. మూత, లోపలి గుడ్డ, ప్లాస్టిక్ తొడుగు అన్నీ సరిగ్గా ఉన్నవాటిని కలిపి ఒకేసారి అమ్మేయండి, ఎంతొస్తే అంత. మిగతావి పాత వస్తువులు తీసుకుని అమ్మే థ్రిఫ్ట్ స్టోరుకి ఇవ్వండి, లేదా గుడిలో అడగండి. పూలకీ, ప్రసాదాలకీ అక్కడ బుట్టలు పనికొస్తాయి. ఒక శనాదివారాల్లో అయిపోయే పని ఇది. దీనికి నా సలహా అక్కర్లేదు. మీరు రాసింది దీనికోసం కాదు కూడా.

మీరు తెలివి లేక డబ్బు తగలేశారన్నట్టు మీవారు లెక్క చదివారు, మీరూ నమ్మేశారు. నాకు బాధ కలిగింది అక్కడ. మీకు ఇంత దగ్గర్లో జరిగిన కథ మీకు తెలియనిదా? మీ ఒహాయోలోనే డ్రెస్డెన్ అనే చిన్న ఊళ్లో, బుట్టలల్లే ఆయన కొడుకు డేవ్ లాంగాబర్గర్ 1973లో మొదలుపెట్టిన వ్యాపారం అది. దుకాణాల్లో కాకుండా ఇళ్లలో పార్టీలు పెట్టి ఆడవాళ్లే ఆడవాళ్లకి అమ్మారు. 1997లో కంపెనీ ఆఫీసునే ఏడంతస్తుల బుట్ట ఆకారంలో ఆ రాష్ట్రంలోనే న్యూఆర్క్ అనే ఊళ్లో కట్టారు. చలికాలంలో, పైనున్న పిడుల మీద మంచు గడ్డకట్టకుండా వాటికి వేడి తగిలే ఏర్పాటు కూడా చేశారు. 2000లో అమ్మకాలు బిలియన్ డాలర్లు, పనివాళ్లు ఎనిమిది వేల పైమాటే. ఆ తర్వాత పడిపోతూ వచ్చి 2018లో మూతపడింది. పక్కనే ఉండి రోజూ లెక్కలు చూసుకునే కంపెనీయే ఇది ఊహించలేకపోయింది. మీరెలా ఊహిస్తారు?

అయినా మీరు లాభానికి కొన్నారా? ఉత్తరంతో పంపిన ఫొటోలో ఒక బుట్ట తిరగేసి చూపించారు. అడుగున అల్లిన మనిషి పొడి అక్షరాలు, పక్కన 1998 అని సంవత్సరం. మేపుల్ బద్ద ఒక్కటీ లేవలేదు, చీలలేదు. ఇన్నేళ్లూ ఎంత భద్రంగా చూసుకున్నారో తెలుస్తూనే ఉంది. నోరు విప్పి మాట్లాడే మనిషి లేని ఊళ్లో, ఒక సాయంత్రం పదిమంది మధ్య కూర్చుని, నవ్వి, చేతిలో ఒక వస్తువుతో ఇంటికి వచ్చారు. భర్త ఉద్యోగ వీసా మీద తోడుగా వెళ్లేవారికిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లిన ఆడపిల్లల్లో కొందరికైనా ఉద్యోగ అనుమతి వచ్చింది 2015లో. మీరు వెళ్లిన రోజుల్లో ఆ దారే లేదు. చదువుకున్న మనిషి అలా ఏళ్లకేళ్లు నాలుగు గోడల మధ్య ఉండటం ఎంత కష్టమో ఈ కాలమ్‌కు ఉత్తరాలు రాసే ఎందరో చెబుతూనే ఉన్నారు. మీరు దానికి కట్టిన ఖరీదు అది. నేనైతే దండగ అనను.

ఇక మీవారు. సంసారంలో భర్త లెక్క అడగకూడదని నేను అనను. అడగాలి, ఇద్దరూ అడగాలి. కానీ ఆయన అడగలేదు, చదివారు. అదీ తమ్ముడి ముందు, తోటికోడలి ముందు. భార్య ఖర్చుని నలుగురిలో పెట్టి నవ్వించడం ఇంటి పెద్దకు తగిన పని కాదు. ఆ తమ్ముడి మాట మీద కొన్న స్థలానికి బుట్టల కంటే ఎన్ని రెట్లు పోసి ఉంటారో నాకంటే మీకే బాగా తెలుసు. ఆ లెక్క ఏ కాగితం మీదా ఎక్కలేదు. ఆయన డబ్బు పోతే ‘ఖర్మ, మోసపోయాం’. మీ డబ్బు పోతే ‘దుబారా’. మన ఇళ్లలో ఈ తేడా మామూలే. మామూలైనంత మాత్రాన మీరు తలవంచుకుని కూర్చోనక్కర్లేదు. పైగా ఆ స్థలం సంగతి మీరే ‘వేరే’ అని పక్కకు నెట్టి ఆయన్ని కాపాడుతున్నారు. ఇన్నేళ్లుగా మీరు చేస్తున్నదీ అదే అయి ఉంటుంది.

అందరూ పడుకున్నాక, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. మొదట మీ తప్పు చెప్పండి: ‘కొన్ని బహుమతిగా వచ్చాయని చెప్పాను, అది అబద్ధం. మీరు కోప్పడతారని భయపడి చెప్పాను.’ ఇది చెప్పకుండా మీరు ముందుకు పోలేరు. ఆ అబద్ధం మీ గొంతుకు అడ్డం పడి ఉన్నంతకాలం ఆయన ఏమన్నా మీరు తలూపుతూనే ఉంటారు. తర్వాత స్థలం కాగితాలు అడగండి. దెప్పడానికి కాదు. ఇల్లు మారుతున్నారు, రిటైరవుతున్నారు, కేసు ఎక్కడుంది, లాయరుకు ఎంత కడుతున్నారు, ఎవరి పేరు మీద ఏముంది అన్నది 59 ఏళ్ల మనిషికి తెలిసి తీరాలి. రేపు ఆయనకు ఏదైనా అయితే ఆ కోర్టు చుట్టూ తిరగాల్సింది మీరు, మరిది కాదు. చివరగా, ‘మీ తమ్ముడి ముందు ఆ లెక్క అలా చదవడం నాకు నచ్చలేదు’ అని ఒక్క మాటలో చెప్పి ఊరుకోండి. ఏడవకండి, పాతవి తవ్వకండి. క్షమించమని ఆయన నోటితో అనకపోవచ్చు. ఆ తరం మగవాళ్లకు ఆ మాట రాదు. మళ్లీ ఆ కాగితం బయటికి తీయకపోతే చాలు.

అమ్మాయి విషయంలో మాత్రం నేను మీ పక్షం కాదు. బుట్టలు కావాలా అని అడిగారు, వద్దంది. అక్కడికి అయిపోవాలి. మీరు వదలడం లేదంటే కారణం, కూతురు తీసుకెళితే ‘చూశారా, వృథా కాలేదు’ అని ఆయనకు చూపించవచ్చని. మీకూ మీ ఆయనకూ మధ్య తగువులోకి ఆ పిల్లను సాక్షిగా పిలవకండి. తల్లి మనసు నొచ్చుకుంటుందని రేపు పది బుట్టలు మోసుకెళ్లి తన గరాజ్‌లో పడేస్తుంది. ఇంకో ఇరవై ఏళ్లకు మీలాగే ఉత్తరం రాస్తుంది.

ఎదురింటావిడ ఇంకా ఆ వీధిలోనే ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే, ఇల్లు మారే ముందు వెళ్లి కలవండి. ఉంచుకునే ఐదారింటిలో ఆవిడ ఇంట్లో కొన్న మొదటి బుట్ట ఉండాలి. దాన్ని మళ్లీ ప్లాస్టిక్‌లో చుట్టి పైన పెట్టకండి. కొత్త వంటింట్లో ఉల్లిపాయలకు వాడండి.