మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ శాఖ ఎందుకు, ఎలా వచ్చింది?

నెల్లూరు కాలేజీలో సీటొచ్చిన మా మేనల్లుడూ ఇదే అడిగాడు: "ఆపరేషన్లుండవు, వార్డుండదు, ఊళ్లమ్మట తిప్పుతారు, ఎందుకు మామా?" అని.

మూలం 1946 నాటి భోర్ కమిటీ (దేశంలో వైద్య వ్యవస్థ ఎలా ఉండాలో సూచించిన కమిటీ) నివేదికలో ఉంది. డాక్టరంటే రోగం వచ్చాక మందిచ్చేవాడే కాదు, రాకుండా చూసేవాడు కూడా అని చెప్పి, వైద్య విద్యార్థులకు ఈ విషయంలో మూడు నెలల శిక్షణ ఇవ్వాలంది. అలా ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్ శాఖలు వచ్చాయి. వాటినే ఇప్పుడు కమ్యూనిటీ మెడిసిన్ అంటున్నాం, పాత డాక్టర్లు మాత్రం ఇప్పటికీ పీఎస్ఎం అనే అంటారు. ఆ కమిటీయే సూచించిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు 1952 నుంచి మొదలయ్యాయి. 2008లో ఒంగోలు రిమ్స్, 2014లో నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చేనాటికి ఈ శాఖ అన్నిచోట్లా తప్పనిసరి.

అసలు ఈ శాఖ విలువ తెలియాలంటే కనిగిరి వైపు వెళ్లాలి. దేశంలో ఫ్లోరోసిస్ (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి, 1970లో కొత్తగా ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలోకి పోయాయి. గోధుమరంగు చారలు పడ్డ పళ్లు, వంగని వెన్ను. దీనికి మాత్ర లేదు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకుండా చూడటమే వైద్యం. అంటే డాక్టరు చూడాల్సింది ముందు బోరునీళ్లు, తర్వాతే మనిషిని.

ఇప్పుడైతే విద్యార్థులు కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువుకునే రోజుల్లో వాళ్ల ఆరోగ్యం చూడాలి. మావాడు పోయిన వారం ఒక అవ్వకి బీపీ చూసి, మజ్జిగ తాగొచ్చాడు.