ఎలిప్టికల్ సరే, ముందు కార్డు బాకీ సంగతి?

ప్రశ్న: నా వయసు 44. మోకాళ్ల నొప్పి వల్ల పరుగు మానేసి, ఎలిప్టికల్ క్రాస్ ట్రైనర్ (నిలబడి పెడళ్లు తొక్కే వ్యాయామ మిషన్) వాడమన్నారు డాక్టర్. చవకది ఒకటి, దానికి మూడు రెట్లు ధర ఉన్నది ఒకటి చూశాను. రెండోది 18 నెలల వాయిదాల్లో, 12 శాతం ఫ్లాట్ వడ్డీకి ఇస్తామంటున్నారు. క్రెడిట్ కార్డు బాకీ కూడా కొంత ఉంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: ఇప్పుడే ఏదీ తీసుకోవద్దు. మీరు అడిగింది మంచి ఖర్చే, అందులో సందేహం లేదు. పాదం పెడల్ మీద నుంచి లేవదు కాబట్టి పరుగులో పడినంత దెబ్బ మోకాలి మీద పడదు. నాకు టెన్షన్ అల్లా ఆ వాయిదాల గురించే.

ఫ్లాట్ వడ్డీలో మీరు అసలు తీరుస్తూ పోతున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు అప్పు మీదే చివరిదాకా లెక్కేస్తారు. తగ్గే అసలు మీద లెక్క కడితే ఆ 12 శాతం నిజానికి 21 శాతం దాటుతుంది. కార్డు బాకీ ఇంకా ఘోరం. నెలకు 3 శాతమే కదా అనిపిస్తుంది గానీ, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం పైనే. కాబట్టి మిషన్‌కి కడదామనుకున్న వాయిదాను ఈ నెల నుంచే కార్డుకు కట్టండి. అది తీరాక అంతే మొత్తం విడిగా దాచుకోండి.

ఈలోగా రెండు నెలలు జిమ్‌లో చేరి, అక్కడి ఎలిప్టికల్ మీద వారానికి 4 రోజులు చేయండి. ఆ ఫీజు వృథా కాదు. అలవాటు నిలబడుతుందో లేదో తేలేది అక్కడే. వారానికి 4 సార్లు చొప్పున ఐదేళ్లు వాడితే వెయ్యి సార్లు దాటుతుంది. చవకది కొని వంద సార్లకే వదిలేస్తే, ఒక్కో సారికి పడే ఖర్చు ఐదేళ్లూ వాడిన ఖరీదైనదాని కంటే మూడు రెట్లకు పైనే. ఖరీదైనదాన్నే వందసార్లకు మూల పెడితే నష్టం చెప్పనే అక్కర్లేదు.

చవక మిషన్లను జనం మధ్యలో వదిలేయడానికి నేను ఎక్కువగా చూసిన కారణం స్ట్రైడ్, అంటే అడుగు పొడవు. చాలామంది పెద్దవాళ్లకు 18 నుంచి 20 అంగుళాలు హాయిగా ఉంటుంది. 14 అంగుళాలైతే నడిచినట్టు కాక మెట్లు తొక్కినట్టు ఉంటుంది. అందుకే స్క్రీన్, బ్లూటూత్ లాంటి హంగులు తగ్గించుకోండి గానీ స్ట్రైడ్ దగ్గర రాజీ పడకండి. రెసిస్టెన్స్, అంటే తొక్కేటప్పుడు పెడల్ ఇచ్చే బిగువు, మాగ్నెటిక్‌ది (అయస్కాంతంతో పనిచేసేది) తీసుకోండి, రాపిడి ఉండదు కాబట్టి అరుగుదల తక్కువ, చప్పుడూ తక్కువే. పెడల్ పైకి లేచినప్పుడు మీ తల సీలింగ్‌కి తగలకూడదు, అది టేపుతో కొలిచి చూసుకోండి.

వారంటీలో ఫ్రేమ్‌కి ఎన్నేళ్లని గొప్పగా రాసినా, విడిభాగాలకు, రిపేరు కూలికి ఎన్నాళ్లో విడిగా అడగండి. జేబుకు చిల్లు పడేది అక్కడే.

డబ్బు జమయ్యేసరికి సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికితే అదీ చూడండి. ఓ పావుగంట తొక్కి, మిషన్ కీళ్ల దగ్గర కిర్రుమంటోందా, ఊగుతోందా గమనించండి. కంపెనీ వారంటీ చాలాసార్లు రెండో యజమానికి వర్తించదు కనుక, రిపేరుకు కొంత పక్కన పెట్టుకునే బేరమాడండి.