ముందు ట్యాంకు ఎన్ని లీటర్లదో అడుగుండ్రి

జనానికి ఈజీగ అర్థమయ్యేటట్టు చార్టు చెయ్యాలంటే ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలె అని అడిగిన్రు కదా అన్నా, ఏదైనా నడుస్తది, నేను ఫోన్లనే చేసిన, మస్తు నీట్‌గ వచ్చింది, దాంతోనే ఒకాయన పత్తి మాడింది.

మాది నర్సంపేట దిక్కు, పురుగుమందుల షాపు. ఓ మందుకు "లీటరు నీళ్లకు 2 మి.లీ." అని పెద్దక్షరాలతోని ప్రింట్ తీసి గోడకు అతికిచ్చిన. మా ఊరి కాక ఒకాయన అది సూసుకొని పోయి ట్యాంకుకు రెండు మూతలు పోసి కొట్టిండు, అదీ మిట్టమధ్యాహ్నం. మూత 25 మి.లీ.ది, ట్యాంకు 16 లీటర్లది, అంటే 32 పడాల్సిన కాడ 50 పడ్డది, ఆకుల అంచులు మాడినయి. నేను రాసింది కరెక్టే, కానీ చేన్ల నిలబడ్డ మనిషికి లీటరు ఏడ కనబడ్తది? ట్యాంకు, మూత కనబడ్తయి, 2 అనే అంకె యాదికుంటది.

ఇప్పుడైతే ముందు ట్యాంకు ఎంతదో అడిగి, ప్లాస్టిక్ గ్లాసుకు మార్కర్‌తోని గీత గీసి ఇస్తున్న, గీత దాకా పోసుడే, సదువుడు లేదు. (మొదట చాయ్ గ్లాసులకే గీసిన, ఎవడన్న అండ్లనే చాయ్ తాగితే ఏందిరా అని మా అవ్వ తిట్టింది, ఇప్పుడు మందు కొలిచే కప్పులే.)

రంగులతోని కూడా పైలం. డబ్బా మీద డైమండ్ గుర్తు ఉంటది సూడున్రి, కింది సగం ఎరుపుంటే అన్నిట్ల ఎక్కువ విషం, తర్వాత పసుపు, నీలం, ఆఖరికి ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే ఏం కాదులే అనుకుంటరు, అది గూడ మందే. ఇంకో తిప్పలు మన భాషదే, కాజీపేట్ల రైలుకు పచ్చజెండా అంటే గ్రీన్, పచ్చకామెర్లు అంటే పసుపు, మరి "పచ్చ గుర్తుది ఇయ్యి" అంటే మా షాపు పోరడు ఏది తియ్యాలె? అందుకే రంగు పేరు చెప్పనియ్య, వేలు వెట్టి సూపియ్యమంట.

ఇంకోటి, చార్టు చేసినంక అర్థమైందా అని అడగకున్రి, ఇంటికి పోయి ఏం జేస్తవో నువ్వే చెప్పు అని అడుగున్రి. అర్థమైందా అంటే అందరు "అయింది బిడ్డా" అనే అంటరు, ఆ కాక గూడ ఆరోజు గదే అన్నడు.